జర్మనీలో కొత్త ఇల్లు: ఆదివారం డ్రిల్లింగ్, గుమ్మం మీద స్వస్తిక్

ప్రశ్న: అన్నలూ, అక్కలూ, మాస్టర్స్ కోసం ఈమధ్యే వచ్చాను. ఆదివారం గోడకు డ్రిల్లింగ్ చేస్తుంటే కిందింటాయన ఆపమన్నారు. తలుపు మీద కుంకుమతో స్వస్తిక్ వేస్తే పక్కింటావిడ పలకరించడం మానేశారు. స్వేచ్ఛ ఉన్న దేశమే కదా ఇది?

జవాబు: తమ్ముడూ, ఆదివారం ప్రశాంతత ఇక్కడ రాజ్యాంగంలోనే ఉంది. 1919లో జర్మనీ రాసుకున్న వైమార్ రాజ్యాంగం ఆదివారాన్ని విశ్రాంతి దినంగా కాపాడమంది. 1949 రాజ్యాంగం 140వ అధికరణంతో ఆ మాటను అలాగే ఉంచింది. క్రిస్మస్ ముందు నాలుగు ఆదివారాలూ బెర్లిన్‌లో షాపులు తెరవనిస్తే, 2009లో రాజ్యాంగ న్యాయస్థానం కుదరదంది. చర్చి ముఖం చూడనివాళ్లు కూడా ఆ ప్రశాంతతను తమ హక్కుగానే చూస్తారు. డ్రిల్లింగ్, ఖాళీ సీసాలు పడెయ్యడం శనివారం పగలే కానిచ్చెయ్.

స్వస్తిక్ సంగతి ఇంకా పెద్దది. హిట్లర్ నాజీ పార్టీ గుర్తూ స్వస్తికే. నాజీ గుర్తులు నలుగురికీ కనపడేలా పెడితే శిక్షాస్మృతి 86ఎ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా జరిమానా. మన పూజ గుర్తు మీద గురిపెట్టిన సెక్షన్ కాదది. మతస్వేచ్ఛకు రాజ్యాంగం 4వ అధికరణం అండ ఉంది. అయినా నాకు చట్టంకన్నా పక్కింటావిడే ముఖ్యం అనిపిస్తోంది. ఆ నాజీ గుర్తు కింద ఈ దేశంలో లక్షలమందిని ఇళ్లనుంచి ఈడ్చుకెళ్లి చంపారు. మెట్లెక్కుతూ ఎర్రగా అది కనపడితే ఆవిడకు ఏం గుర్తొచ్చిందో మనకేం తెలుసు? స్వస్తిక్ దేవుడి దగ్గర వేసుకో. గుమ్మానికి పసుపు, కుంకుమ బొట్లు, తోరణం చాలు. అమ్మవాళ్లు అడిగితే కారణం చెప్పు, అర్థం చేసుకుంటారు.

ఇంకో జవాబు: అన్నయ్య చెప్పింది నిజమే. అలాగని భయపడుతూ బతకక్కర్లేదు తమ్ముడూ. ఇక్కడే హామ్ అనే ఊళ్లో శ్రీలంక తమిళులు కామాక్షి అమ్మవారికి గోపురంతో గుడి కట్టుకున్నారు, 2002లో కుంభాభిషేకం చేశారు. ఏటా వేసవిలో అమ్మవారి రథం వీధుల్లోకి వస్తుంది. చూడ్డానికి జర్మన్లూ వస్తారు. శరణార్థులుగా వచ్చినవాళ్లు అనుమతులు తీసుకుని, ఊరివాళ్లతో మాట్లాడుకుని సాధించుకున్నారు. ఆ రథాన్ని తలుచుకుంటే నాకు గర్వంగా ఉంటుంది.

నువ్వూ ఇంట్లో పండగ చేసుకుంటే ముందే కింద గోడకు చీటీ అంటించు: తేదీ, టైమ్, నీ ఫోన్ నంబర్. రాత్రి పదికి పాటలు ఆపెయ్. ముందు పక్కింటావిడ తలుపు కొట్టి, ఆ గుర్తు మనకేంటో, ఎందుకు తీసేశావో చెప్పు. జర్మన్‌లో నాలుగు ముక్కలు రాసుకుని ఇక్కడ పెడితే నేను దిద్ది ఇస్తాను.