బుడమేరు వాగు నీళ్లు దిగాయి, కరెంటు మెయిన్ వేయొచ్చా?

విజయవాడ సింగ్‌నగర్‌లో మాది గ్రౌండ్ ఫ్లోర్. సెప్టెంబర్ 1న వచ్చిన నీళ్లు మొన్నటికి గానీ పూర్తిగా దిగలేదు. హాల్లో గోడ గడియారం కింద దాకా బురద గీత. ఫైరింజన్ వాళ్లు వచ్చి పైపుతో నీళ్లు కొట్టి వెళ్లారు. పైపై బురద పోయింది, అలమర మూలల్లో ఇంకా జిగటగానే ఉంది. వీధిలో కరెంటు వచ్చింది. మా అత్తయ్య పొద్దుటినుంచి ఒకటే మాట, "ఒక్క ఫ్యానన్నా వెయ్యమ్మా, గోడలు ఆరతాయి" అని. స్విచ్ బోర్డులన్నీ మునిగాయి, అందుకే మెయిన్ దించి ఉంచాను. ఫ్రిజ్ తేలి పక్కకు పడిపోయింది. సంపులో నీళ్లు నల్లగా ఉన్నాయి. అసలు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు.

*

వైరింగ్ మేస్త్రి:
వేయకండమ్మా. గోడ ఆరినట్టే కనిపిస్తుంది, లోపల వైర్ల పైపుల్లో నీళ్లు నిలిచే ఉంటాయి. నిన్న పాయకాపురంలో ఒక బోర్డు మూత విప్పితే గ్లాసుడు బురద నీళ్లు నా చేతి మీదే కారాయి. పైనుంచి చూస్తే పొడిగా ఉంది ఆ బోర్డు! మునిగిన స్విచ్‌లు, సాకెట్లు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్‌లు), ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసేది) మార్చేయాల్సిందే, ఎండబెట్టి వాడొద్దు. వైర్లు చాలావరకు పనికొస్తాయి. కాకపోతే మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ చూసే మీటరు) పెట్టి చూశాకే కరెంటు ఇవ్వాలి. పైన ఫ్యాను మునగకపోయినా దాని స్విచ్ మునిగింది కదా. అత్తయ్యగారికి అదే చెప్పండి. ఫ్రిజ్, మోటారు రెండూ మెకానిక్ చూసేదాకా ప్లగ్గు పెట్టొద్దు.

*

మున్నేరు పక్కన:
మాది ఖమ్మం, మేమూ అదే రోజు మునిగాం. బురద ఎండితే సిమెంటులా పట్టేస్తుంది అక్కా, తడి మీదే లాగెయ్. ఎండిపోయిన చోట నీళ్లు చల్లి తియ్, పొడిగా ఊడిస్తే ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లోకే. రబ్బరు బూట్లు లేకుండా దిగొద్దు. మా తమ్ముడికి గాజు పెంకు దిగి టీటీ ఇంజెక్షన్ వేయించాం. కాలికి పుండు ఉంటే ఆ నీళ్లలోకి అసలే వద్దు, ఎలుకల వల్ల లెప్టో జ్వరం వస్తుంది. సంపు మొత్తం తోడించి, గోడలు బ్రష్‌తో రుద్ది, బ్లీచింగ్ నీళ్లతో కడిగి, మొదటిసారి నింపిన నీళ్లు పారబోయండి. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, బాత్రూమ్ యాసిడ్‌లో బ్లీచింగ్ కలపొద్దు. విషవాయువు వస్తుంది. మా పక్కింటావిడ దగ్గుతూ రోడ్డు మీదకొచ్చి కూర్చుంది. ఇంకా, పరుపులు పారేసేముందు ఫోటోలు తీసుకో. నష్టం రాసుకోడానికొచ్చే ఎన్యూమరేషన్ వాళ్లు అడుగుతారు.

*

కర్నూలు పాత కాపు:
పెయింటు తొందర పడొద్దండి. 2009 అక్టోబర్‌లో మా ఊరు మునిగినప్పుడు, సంక్రాంతికి చుట్టాలొస్తారని లప్పం పెట్టించి రంగులేయించాను. ఉగాదికల్లా అప్పడాల్లా లేచిపోయింది. గోడ లోపలి తడి నెలల తరబడి బయటికొస్తూనే ఉంటుంది. తలుపులు కిటికీలు బార్లా తెరిచి వదిలేయండి. ఉబ్బిన ప్లైవుడ్ అలమర మీద ఆశ వదులుకోండి, టేకు తలుపు మాత్రం నీడలో ఆరనిస్తే దారికొస్తుంది.

*

అడిగినావిడ:
అందరికీ థాంక్స్ అండీ. మా వీధి ఎలక్ట్రీషియన్‌కి శనివారం దాకా ఖాళీ లేదట. అత్తయ్యను పై వాటావాళ్ల ఇంట్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి వచ్చాను. బోర్డులో నీళ్ల సంగతి చెబితే నోరు మెదపలేదు. ఇప్పుడు అలమర విప్పిస్తున్నా, లోపల పెళ్లి ఆల్బమ్ ఉంది. పేజీలు అతుక్కుపోయాయి, విడదీయడానికి ఏమైనా ఉపాయం ఉందా?