పార్ట్‌నర్ లెక్కల్లో తేడా, ఫోరెన్సిక్ ఆడిట్ చేయిస్తే కోర్టులో పనికొస్తుందా?

ప్రశ్న: మా బాబాయ్ కొడుకూ నేనూ కలిసి లారీలు నడుపుతున్నాం, లెక్కలన్నీ తనే చూస్తాడు, లోడ్లు బానే ఉన్నాయి కానీ లాభం అడిగితే అంతా డీజిల్‌కే పోయిందంటాడు. మా ఆడిటర్‌ని అడిగితే బిల్లులన్నీ ఉన్నాయి కదండీ అంటున్నాడు. ఏం చెయ్యాలి?

జవాబు 1: మామూలు ఆడిటర్ బిల్లు ఉందా లేదా చూస్తాడు బ్రో, ఫోరెన్సిక్ వాళ్లు ఆ బిల్లు నిజమేనా అని తవ్వుతారు. సూర్యాపేటలో డీజిల్ కొట్టించినట్టు బిల్లుంటే, అదే టైమ్‌కి ఫాస్టాగ్‌లో బండి ఒంగోలు టోల్ దాటుంటే దొరికిపోయినట్టే. ట్యాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎడిట్ లాగ్, అంటే ఎంట్రీ ఎవరు ఎప్పుడు మార్చారో చూపే రికార్డు, ఆన్‌లో ఉందేమో చూడు, కంపెనీలకైతే 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి, పార్ట్‌నర్‌షిప్‌కి కాదు.

జవాబు 2: సత్యం కంప్యూటర్స్ దొంగ లెక్కల కేసు గుర్తులేదా? 2009లో బయటపడింది, లేని ఎఫ్‌డీలు, దొంగ ఇన్‌వాయిస్‌లు, ఆ ఇన్‌వాయిస్‌లు కంపెనీ సిస్టమ్‌లోంచే లాగారు, 2015లో హైదరాబాద్ కోర్టు 10 మందికి ఏడేళ్లు వేసింది. అప్పటిదాకా ఆడిటర్లు ఏటా సంతకాలు పెడుతూనే ఉన్నారు మరి 😀

జవాబు 3 (వకీలుని): రిపోర్టు ఉంటే గెలిచినట్టు కాదండీ, అది ఎక్స్‌పర్ట్ ఒపీనియన్ మాత్రమే, అవతలి లాయర్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలదీస్తాడు. కంప్యూటర్ డేటాకి భారతీయ సాక్ష్య అధినియం (కొత్త ఎవిడెన్స్ యాక్ట్) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, హ్యాష్ వాల్యూతో (ఫైలు మారలేదని చూపే కోడ్) సహా. ముందు పార్ట్‌నర్‌షిప్ డీడ్‌లో ఆర్బిట్రేషన్ క్లాజ్ (గొడవ కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవాలనే షరతు) ఉందేమో చూసుకోండి. మీ అన్నదమ్ములు గొడవపడేలోపే ట్యాలీ బ్యాకప్ మాత్రం తీసి పెట్టుకోండి.