ప్రమోట్ అయిన మరుసటి ఏడాదే ఛాంపియన్: 1977-78 నాటింగ్‌హామ్ ఫారెస్ట్ నిజంగా లీసెస్టర్ కన్నా గొప్పదా?

బెజవాడ_వింగర్:

అందరికీ నమస్తే. నేను ప్రీమియర్ లీగ్ సీరియస్‌గా చూడటం మొదలుపెట్టింది ఈ మధ్యే. 2024-25లో ఫారెస్ట్ ఆట చూసి ఆ టీమ్‌కి అలవాటు పడిపోయాను. ఆన్‌ఫీల్డ్‌కి వెళ్ళి లివర్‌పూల్‌ని 1-0తో కొట్టడం, బ్రైటన్ మీద 7-0, క్రిస్ వుడ్ 20 గోల్స్, చివరి రోజు చెల్సీ చేతిలో ఓడిపోయి ఛాంపియన్స్ లీగ్ చేజారడం... ఆ రోజు మాత్రం చాలా బాధేసింది. అప్పట్నుంచి ఈ క్లబ్ పాత చరిత్ర దొరికినంతా చదువుతున్నాను.

1977లో సెకండ్ డివిజన్ (అప్పటి రెండో అంచె లీగ్) నుంచి మూడో స్థానంలో పైకొచ్చారు, 1978లో ఇంగ్లండ్ ఛాంపియన్ అయిపోయారు. ఇది చదివి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను, సరిగ్గానే చదివానా అని. లీసెస్టర్ 2015-16 గురించి ప్రపంచమంతా మాట్లాడుకుంటుంది, 5000-1 బెట్టింగ్ కథ తెలియనివాళ్ళు లేరు. మరి దీని గురించి మనవాళ్ళలో ఎవరూ ఎందుకు మాట్లాడరు?

నాకు తెలియాల్సింది ఏంటంటే, అసలు ఎలా గెలిచారు? అప్పట్లో లీగ్ స్థాయి తక్కువ కాబట్టి కుదిరిందా, లేక ఆ టీమే అంత గొప్పదా? వివరంగా చెప్పండి, ఎంత పొడుగున్నా చదువుతాను.

ట్రెంట్_ఒడ్డున:

నేను ఉండేది నాటింగ్‌హామ్‌లోనే, కాబట్టి ఈ ప్రశ్న చూసి ఆగలేకపోయాను. మన క్రికెట్ వాళ్ళకి ట్రెంట్ బ్రిడ్జ్ తెలుసు కదా, ఫారెస్ట్ ఆడే సిటీ గ్రౌండ్ దానికి నడిచి వెళ్ళేంత దూరంలోనే ఉంటుంది. ఊరి మధ్యలో అప్పటి ఫారెస్ట్ మేనేజర్ బ్రయన్ క్లఫ్ విగ్రహం ఉంది. ఇక్కణ్ణుంచి డెర్బీ వెళ్ళే రోడ్డుకి కూడా ఆయన పేరే పెట్టారు. డెర్బీకీ ఈ ఊరికీ ఫుట్‌బాల్‌లో అస్సలు పడదు, అయినా ఆ రెండు ఊళ్ళూ తమవాడు అనుకునే మనిషి ఆయన ఒక్కడే.

కథ 1975 జనవరిలో మొదలవుతుంది. అంతకుముందే క్లఫ్ డెర్బీని 1972లో ఛాంపియన్ చేశాడు, తర్వాత అక్కడ బోర్డుతో గొడవపడి బయటికొచ్చాడు, 1974లో లీడ్స్‌కి వెళ్తే 44 రోజుల్లో పంపించేశారు. ఆ స్థితిలో వచ్చాడు ఫారెస్ట్‌కి. అప్పుడు టీమ్ సెకండ్ డివిజన్‌లో ఈదుతోంది. 1976లో పాత జోడీ పీటర్ టేలర్ వచ్చి చేరాడు. నా ఉద్దేశంలో అసలు మలుపు అదే. క్లఫ్ మనుషుల్ని నడిపేవాడు, టేలర్ మనుషుల్ని పట్టుకొచ్చేవాడు. ఎవరిలో ఏముందో టేలర్‌కి తెలిసినట్టు ఆ రోజుల్లో ఇంకెవరికీ తెలియదంటే నమ్ముతాను.

కెన్నీ బర్న్స్‌నే తీసుకోండి. బర్మింగ్‌హామ్‌లో స్ట్రైకర్‌గా ఆడుతున్నాడు, గోల్స్ బాగానే కొడుతున్నాడు, కానీ తాగుడు, జూదం, గొడవలు అని చెడ్డపేరు. టేలర్ మారువేషంలో కుక్కల పందేలకి వెళ్ళి మరీ అతన్ని గమనించాడని ఇక్కడి పాతతరం ఇప్పటికీ చెప్పుకుంటారు. తీసుకొచ్చి ఏం చేశారు? లారీ లాయిడ్ పక్కన సెంట్రల్ డిఫెన్స్‌లో నిలబెట్టారు! ఆ సీజన్ అయ్యేసరికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రైటర్స్ ఇచ్చే ప్లేయర్ ఆఫ్ ది ఇయర్ అతనే.

ఇక జాన్ రాబర్ట్‌సన్. క్లఫ్ వచ్చేనాటికి ఇతని పేరు అమ్మకాల జాబితాలో ఉంది. మిడ్‌ఫీల్డ్‌లో ఎటూ కాకుండా ఉన్నాడు, కొంచెం లావు, సిగరెట్లు, పరుగు లేదు. ఆ మనిషిని ఎడమ వైపు వింగర్‌గా పెట్టారు, పరుగు లేని వింగర్! పాత వీడియోల్లో జాగ్రత్తగా చూడండి, అతను టచ్‌లైన్ దగ్గర బంతి పెట్టుకుని దాదాపు ఆగిపోతాడు. ఎదురుగా ఉన్న ఫుల్‌బ్యాక్ ఏం చెయ్యాలో తెలియక వెనక్కి వెనక్కి జరుగుతాడు. ఒక్కసారి భుజం అటు వంచుతాడు, అర గజం దొరుకుతుంది, అంతే, క్రాస్ వెళ్ళిపోయింది. ఆ అర గజం కోసం అతనికి వేగం అక్కర్లేదు. టీమ్ మొత్తానికీ ఒకే మాట, బంతి దొరికితే రాబర్ట్‌సన్‌కి ఇవ్వండి.

కాబట్టి, లీగ్ స్థాయి తక్కువ కాబట్టి గెలిచారంటే నేను ఒప్పుకోను. ఆ ఏడాది ఎదురున్నది లివర్‌పూల్. 1977లో లీగ్ గెలిచి, యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) గెలిచి, కీగన్ వెళ్ళిపోతే డాల్గ్లిష్‌ని తెచ్చుకున్న లివర్‌పూల్. 1978లో మళ్ళీ యూరోపియన్ కప్ వాళ్ళదే. అలాంటి టీమ్ లీగ్‌లో ఫారెస్ట్ వెనక 7 పాయింట్ల దూరంలో ఉండిపోయింది. అదీ గెలుపుకి రెండే పాయింట్లు ఇచ్చే రోజుల్లో.

లెక్కల_సుబ్బు:

పైన చెప్పిన దాంట్లో తప్పు లేదు గానీ, లీసెస్టర్‌ని ఇంత తేలిగ్గా పక్కన పెట్టొద్దు. అంకెలతోనే మాట్లాడతాను.

ఫారెస్ట్ 1977-78: 42 మ్యాచ్‌లు, 25 గెలుపు, 14 డ్రా, 3 ఓటమి, 64 పాయింట్లు. వాళ్ళు తిన్న గోల్స్ 24 మాత్రమే. ఇప్పటి పద్ధతిలో గెలుపుకి 3 వేసుకుంటే 89 అవుతుంది. లీసెస్టర్ 2015-16: 38 మ్యాచ్‌లు, 23 గెలుపు, 12 డ్రా, 3 ఓటమి, 81 పాయింట్లు, రెండో స్థానంలో ఉన్న ఆర్సెనల్ కన్నా 10 ఎక్కువ. అంటే రెండు టీమ్‌లూ మూడేసి మ్యాచ్‌లే ఓడాయి. ఆట పరంగా రెండూ ఒక స్థాయివే అనుకోండి.

తేడా ఎక్కడుందంటే చుట్టూ ఉన్న లీగ్‌లో. 1968 నుంచి 1978 దాకా 11 సీజన్లలో ఛాంపియన్లు ఎవరో చూడండి: మాంచెస్టర్ సిటీ, లీడ్స్, ఎవర్టన్, ఆర్సెనల్, డెర్బీ, లివర్‌పూల్, ఫారెస్ట్. ఏడు క్లబ్బులు! ఇప్పుడు లీసెస్టర్‌కి ముందు 20 సీజన్లు చూడండి, 1996 నుంచి 2015 దాకా. మాంచెస్టర్ యునైటెడ్, ఆర్సెనల్, చెల్సీ, మాంచెస్టర్ సిటీ. నాలుగే. ఎందుకంటే 70ల్లో లీగ్ మ్యాచ్ టికెట్ డబ్బులో అవతలి ఊరి టీమ్‌కీ వాటా వెళ్ళేది, 1983లో గానీ అది ఆగలేదు. పెద్ద స్టేడియం ఉన్నవాడికి, చిన్న స్టేడియం ఉన్నవాడికి మధ్య దూరం అంత ఉండేది కాదు. తర్వాత టీవీ డబ్బు, ఛాంపియన్స్ లీగ్ డబ్బు వచ్చి పైనున్నవాళ్ళు పైనే ఉండిపోయారు. తలుపులు అలా మూసుకుపోయిన రోజుల్లో లోపలికెళ్ళింది లీసెస్టర్.

పైగా ఫారెస్ట్ దగ్గర డబ్బు లేదనుకోవడం సరికాదు. పీటర్ షిల్టన్‌కి ఒక గోల్‌కీపర్‌కి ఆ రోజుల్లో ఎవరూ పెట్టనంత పెట్టారు, రెండున్నర లక్షల పౌండ్ల ప్రాంతంలో. లీసెస్టర్ చూడండి, మారెజ్‌ని తెచ్చింది అయిదు లక్షల పౌండ్లు కూడా పెట్టకుండా, అదీ 2014లో! ఆ కాలానికి అది ఏ మూలకి? వార్డీ నాన్-లీగ్ (ప్రొఫెషనల్ లీగులకి కింది స్థాయి) నుంచి వచ్చాడు, వరసగా 11 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టాడు. అంతకుముందు సీజన్ క్రిస్మస్‌కి అట్టడుగున ఉన్న టీమ్ అది. ఆ డిసెంబర్ నుంచి 2016 మే 2న వెంటపడుతున్న టాటెన్‌హామ్ చెల్సీతో 2-2 డ్రా చేసుకోవడంతో టైటిల్ ఖాయమయ్యేదాకా ఏడాదిన్నర కూడా పట్టలేదు.

నా ఓటు లీసెస్టర్‌కే.

ఎర్రచొక్కా_4:

సుబ్బు గారూ, డబ్బు వాదన బాగుంది, అందులో నిజం ఉంది. కానీ షిల్టన్ దగ్గర మీరు ఒక్క ముక్క వదిలేశారు. ఆ గోల్‌కీపర్ అప్పుడే కిందికి దిగిపోయిన స్టోక్ దగ్గర ఉన్నాడు. అంటే డబ్బున్న ప్రతి పెద్ద క్లబ్‌కీ ఆ అవకాశం ఉంది, చివరికి ఎవరూ కొనలేదు. అప్పట్లో గోల్‌కీపర్ మీద అంత పెట్టడం దండగ అనుకునేవాళ్ళు. క్లఫ్, టేలర్ మాత్రం లెక్క వేరేగా వేశారు: స్ట్రైకర్ ఎన్ని పాయింట్లు తెస్తాడో మంచి కీపర్ కూడా అన్ని తెస్తాడు. 42 మ్యాచ్‌ల్లో 24 గోల్స్ అన్న మీ అంకె వెనక ఉన్నది అదే. మిగతావాళ్ళ సంగతి కూడా చూడండి. ఫ్రాంక్ క్లార్క్ న్యూకాజిల్ నుంచి ఉచితంగా వచ్చాడు. ఆర్చీ గెమిల్ కోసం డెర్బీకి తమ పాత కీపర్ మిడిల్టన్‌నీ, పైన 20,000 పౌండ్లనీ ఇచ్చారు, అంతే.

ఇంకొకటి, ఆ లీగ్ సీజన్ మొత్తం వాళ్ళు వాడింది 16 మందిని. అందులో మిడిల్టన్ మొదట్లోనే వెళ్ళిపోయాడు, లాయిడ్ పాదం ఎముక విరిగితే డేవిడ్ నీధమ్‌ని డిసెంబర్‌లో కొన్నారు. అంత చిన్న బృందంతో లీగ్‌తో పాటు లీగ్ కప్ (విడిగా జరిగే నాకౌట్ టోర్నీ) కూడా గెలిచారు. ఆ కప్ ఫైనల్లో షిల్టన్ ఆడటానికి వీల్లేదు, ఎందుకంటే అదే కప్‌లో అంతకుముందే స్టోక్ తరఫున ఆడేశాడు. 18 ఏళ్ళ క్రిస్ వుడ్స్‌ని గోల్‌లో పెట్టారు. వెంబ్లీలో లివర్‌పూల్ మీద 0-0, తర్వాత ఓల్డ్ ట్రాఫర్డ్‌లో రీప్లే, రాబర్ట్‌సన్ పెనాల్టీ, 1-0. (ఆ ఫౌల్ బాక్స్ బయట జరిగిందని లివర్‌పూల్ వాళ్ళు ఇప్పటికీ అంటారు, వాళ్ళ బాధలో న్యాయం ఉంది.) లీసెస్టర్‌కి ఆ ఏడాది యూరప్ లేదు, కప్పుల్లోంచి త్వరగా బయటికొచ్చేశారు, కాళ్ళకి విశ్రాంతి దొరికింది. అది వాళ్ళ తప్పు కాదు గానీ పోల్చేటప్పుడు లెక్కలోకి రావాలి.

ఇక టైటిల్ ఖాయమైన రోజు, 1978 ఏప్రిల్ 22, కవెంట్రీలో. ఒక్క పాయింట్ చాలు. ఫారెస్ట్ ఆ రోజు ఏం గొప్పగా ఆడలేదు. కవెంట్రీ స్ట్రైకర్ మిక్ ఫెర్గూసన్ గోల్‌కి అతి దగ్గర నుంచి హెడర్ కొట్టాడు, చూసినవాళ్ళు ఎవరైనా గోలే అనుకుంటారు. షిల్టన్ ఎక్కణ్ణుంచి వచ్చాడో గానీ బంతిని బార్ పైకి నెట్టేశాడు. 0-0. ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలుండగానే ఛాంపియన్లు. పెట్టిన డబ్బు ఎందుకో ఆ ఒక్క సేవ్ చూస్తే అర్థమవుతుంది.

గాలివాటంగా గెలిచారనేవాళ్ళకి నేను చూపించేది తర్వాతి సంగతి. 1977 నవంబర్‌లో లీడ్స్ చేతిలో ఓడాక మళ్ళీ లీగ్‌లో ఓడింది 1978 డిసెంబర్‌లో, ఆన్‌ఫీల్డ్‌లో. మధ్యలో 42 మ్యాచ్‌లు. అంటే సరిగ్గా ఒక సీజన్ అంత! ఆ రికార్డు 2004లో ఆర్సెనల్ వచ్చేదాకా నిలబడింది. ఆపైన 1979లో, 1980లో యూరోపియన్ కప్‌లు. మొదటి దాంట్లో మాల్మో మీద గోల్‌కి క్రాస్ ఇచ్చింది రాబర్ట్‌సన్, రెండో దాంట్లో హాంబర్గ్ మీద గోల్ కొట్టింది కూడా రాబర్ట్‌సనే. 1975లో అమ్మేద్దాం అనుకున్న మనిషి.

లీసెస్టర్ కూడా మరుసటి ఏడాది ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్ళింది, అది చిన్న విషయం కాదు. కానీ లీగ్‌లో మాత్రం 2017 ఫిబ్రవరికల్లా మేనేజర్ రానియేరిని తీసేసే దాకా వచ్చింది పరిస్థితి. గొప్ప సీజన్ ఎవరిదంటే వాదించుకోవచ్చు, గొప్ప టీమ్ ఎవరిదంటే నాకు అనుమానం లేదు.

లెక్కల_సుబ్బు:

16 మంది సంగతి, కప్ సంగతి ఒప్పుకుంటాను. టీమ్‌గా ఫారెస్టే పైన, అందులో వాదన లేదు. కానీ బెజవాడ_వింగర్ అడిగింది సీజన్ గురించి, ఆ ఒక్క సీజన్ ఎంత అసాధ్యం అన్న దాంట్లో నా మాట మీదే ఉంటాను. డిసెంబర్ 1977లో ఫారెస్ట్ అప్పటికే టాప్‌లో ఉంది, క్లఫ్ లాంటివాడు ఉన్నాడు కాబట్టి నమ్మేవాళ్ళు కొందరైనా ఉండేవాళ్ళు. 2016 ఫిబ్రవరిలో లీసెస్టర్ వెళ్ళి మాంచెస్టర్ సిటీని వాళ్ళ గ్రౌండ్‌లో 3-1తో కొట్టేదాకా మాలో ఎవరం నమ్మలేదు. డిఫెండర్ హూత్ హెడర్‌తో తన రెండో గోల్ కొట్టాకే ఇది అయ్యే పనేమో అనిపించింది.

బెజవాడ_వింగర్:

అందరికీ చాలా థ్యాంక్స్. ఇంత వివరంగా ఎక్కడా దొరకలేదు. టికెట్ డబ్బు పంచుకునేవాళ్ళన్నది నాకు అసలు తెలియదు, దాంతో రెండు కాలాల తేడా అర్థమైంది. రాబర్ట్‌సన్ గురించి చదివాక మాత్రం అతని ఆట చూడాల్సిందే అనిపిస్తోంది. ఆ సీజన్లో ఒక్క మ్యాచ్ హైలైట్స్ చూడాలంటే ఏది చూడమంటారు? కవెంట్రీదేనా?

ట్రెంట్_ఒడ్డున:

కవెంట్రీ మ్యాచ్ షిల్టన్ కోసం చూడండి, కానీ అది రెండోసారికి ఉంచుకోండి. ముందు 1977 డిసెంబర్ 17, ఓల్డ్ ట్రాఫర్డ్, యునైటెడ్ మీద 4-0. యునైటెడ్ వాళ్ళు ముందుకొచ్చిన ప్రతిసారీ వెనక ఎంత ఖాళీ వదిలారో గమనించండి, ఫారెస్ట్ వాళ్ళు రెండు మూడు పాస్‌ల్లోనే అవతలి గోల్ ముందుంటారు. స్ట్రైకర్ వుడ్‌కాక్ పరుగులు చూడండి, కుడి వైపు నుంచి వివ్ ఆండర్సన్ పొడుగు కాళ్ళేసుకుని పైకి రావడం చూడండి. 1978లో ఇంగ్లండ్ సీనియర్ జట్టుకి ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. రాబర్ట్‌సన్ కోసమైతే స్క్రీన్ ఎడమ అంచు మీద కన్నేసి ఉంచండి, కెమెరా అటు తిరిగే లోపే అతను క్రాస్ వేసేసి ఉంటాడు. చూశాక ఏమనిపించిందో ఇక్కడే రాయండి.