సార్జెంట్ రాక్‌ను ప్లాస్టిక్ పెట్టెలో బిగించాలా, చదువుకోవాలా? పాత అమెరికన్ యుద్ధ, కౌబాయ్ కామిక్స్ సేకరణపై చర్చ

న్యూజెర్సీ_పాతసంచి:

సభ్యులందరికీ నమస్కారం. మా వీధిలో ఒక పెద్దాయన కాలం చేసిన తరువాత ఆయన పిల్లలు ఇంటి సామాను అమ్ముతుండగా, ముప్పై నాలుగు కామిక్స్ ఉన్న అట్టపెట్టె ఒకటి నా చేతికి వచ్చింది. ఎక్కువ భాగం డీసీ ప్రచురణ సంస్థ వారి ‘అవర్ ఆర్మీ ఎట్ వార్’ (సార్జెంట్ రాక్ అనే సైనికుడి కథలు వచ్చే పత్రిక), కొన్ని ‘జి.ఐ. కాంబాట్’ యుద్ధ కామిక్స్, అడుగున ఏడెనిమిది మార్వెల్ వారి కౌబాయ్ పత్రిక ‘కిడ్ కోల్ట్’ సంచికలు. వీటిలో 1965 ఫిబ్రవరి నాటి ‘అవర్ ఆర్మీ ఎట్ వార్’ 151వ సంచిక కూడా ఉంది. రాబర్ట్ కానిగర్ రాయగా జో క్యూబర్ట్ గీసిన ‘ఎనిమీ ఏస్’, అంటే మొదటి ప్రపంచయుద్ధపు జర్మన్ వైమానికుడు హాన్స్ ఫాన్ హామర్, పాఠకులకు మొదటిసారి కనిపించింది అందులోనే. నా ప్రతికి వెన్ను దగ్గర చిట్లు ఉన్నాయి, ఒక పిన్ను తుప్పు పట్టింది, లోపలి కాగితం మాత్రం ఇంకా మెత్తగానే ఉంది. దీనిని గ్రేడింగుకు, అంటే ప్రతి ఎంత బాగున్నదో పరీక్షించి స్థాయి నిర్ణయించే సంస్థకు, పంపి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేయించాలా, లేక మైలార్ అనే పారదర్శక ప్లాస్టిక్ కవరులో ఉంచుకుని అప్పుడప్పుడు తీసి చదువుకోవాలా అన్నది నా ప్రశ్న. మిత్రులు పంపమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు.

కాగితపు_పులి:

సందేహించకుండా పంపండి. ఈ గ్రేడింగు చేసే సీజీసీ సంస్థ 2000లో పని మొదలుపెట్టక ముందు ఈ రంగంలో అమ్మేవాడి మాటే ప్రమాణం. 1970 నుంచి వస్తున్న ఓవర్‌స్ట్రీట్ ధరల పుస్తకం చేతిలో ఉన్నా, మన ముందున్న ప్రతి ఏ స్థాయిదో తేల్చే మూడో మనిషి ఉండేవాడు కాదు. నా సంగతే చెబుతాను. ఒక దుకాణంలో 1959 నాటి యుద్ధ కామిక్ ఒకటి మంచి ధర పెట్టి కొన్నాను. మూడేళ్ల తరువాత అదే సంచిక మరో ప్రతి దొరికితే రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. నాది అంచు చుట్టూ వెంట్రుకవాసి కురచగా ఉంది. నలిగిన అంచులను ఎవరో కత్తిరించి కొత్తదానిలా చేశారన్నమాట. యుద్ధ కామిక్స్‌లో ఈ మోసానికి అవకాశం మరీ ఎక్కువ, ఎందుకంటే రాత్రి పోరాటాల నల్లటి అట్టల మీద ఏ చిన్న మడత పడినా తెల్లగీతగా కనిపిస్తుంది, దాని మీద ఇంకు పూసి దాచేవారికి కొదవ లేదు. గ్రేడింగులో ఇటువంటి మరమ్మతు బయటపడితే మామూలు ప్రతులకు వేసే నీలం లేబుల్‌కు బదులు ఊదారంగు లేబుల్ పడుతుంది.

ఇక చదవకుండా దాచడం తప్పు అనేవారికి ఒక్కటే మాట. ఈసీ కామిక్స్ ప్రచురణకర్త బిల్ గెయిన్స్ ఒక్కో సంచిక నుంచి పన్నెండు ప్రతుల వరకు తీసి భద్రపరిచాడు. హార్వీ కర్ట్‌జ్‌మన్ సంపాదకత్వంలో కొరియా యుద్ధకాలంలో వచ్చిన ‘టూ-ఫిస్టెడ్ టేల్స్’, ‘ఫ్రంట్‌లైన్ కాంబాట్’ పత్రికల రంగులు అచ్చయిన రోజున ఎలా ఉండేవో ఈనాడు మనకు తెలుస్తున్నదంటే అందులో ఎవరూ ముట్టుకోని ఆ ప్రతుల వాటా చాలా ఉంది.

గోదావరిగట్టు (డల్లాస్):

పులిగారూ, గెయిన్స్ దాచినవి ప్రచురణకర్త దాచిన ప్రతులు. పాతసంచిగారి దగ్గరున్నది పన్నెండు సెంట్లు పెట్టి ఒక పిల్లవాడు కొనుక్కుని, వెన్ను చిట్లేదాకా చదివిన ప్రతి. దానికి పెట్టె కట్టించి ఏమి కాపాడుతాము? (మన వాళ్లకు స్లాబ్ అంటే ఇంటి పైకప్పే గుర్తుకు వస్తుంది. అమెరికా సేకర్తలు ఈ సీలు పెట్టెను కూడా స్లాబ్ అనే అంటారు. రెండింటి కిందా గాలి ఆడదు.)

పెట్టెలో అట్ట మాత్రమే కనిపిస్తుంది. ఈ పత్రికల ప్రాణం లోపలి పేజీలలో ఉన్నదని నేను నమ్ముతాను. ఉదాహరణకు, 1970లో ‘అవర్ ఆర్మీ ఎట్ వార్’ 218వ సంచిక నుంచి సామ్ గ్లాంజ్‌మన్ ‘యు.ఎస్.ఎస్. స్టీవెన్స్’ అనే చిన్న కథలు మొదలుపెట్టాడు. ఆ పేరు గల డిస్ట్రాయర్ మీద పసిఫిక్‌లో తాను నావికుడిగా పనిచేసిన రోజులను కొద్ది పేజీలలో, వీరత్వపు హంగు లేకుండా చెప్పుకున్నాడు. సార్జెంట్ రాక్ పెద్ద కథ ముగిసిన తరువాత వెనుక పేజీలలో అవి వచ్చేవి, అట్ట చూసి కొన్నవారికి అవి ఉన్నట్లే తెలియదు. వాటిని ఒక్కచోట చేర్చిన పుస్తకం 2016లో గానీ రాలేదు కాబట్టి, అంతవరకు ఆ కథలు చదవాలంటే పాత సంచికలు తిరగేయడమే దారి. అదే కాలంలో, వియత్నాం యుద్ధం సాగుతుండగానే, సంపాదకుడిగా ఉన్న క్యూబర్ట్ కథలు ముగిసిన చోట ‘ఇక యుద్ధం వద్దు’ అన్న అర్థం వచ్చే నాలుగు ఇంగ్లిష్ మాటలను చిన్న ముద్రలా వేయించడం మొదలుపెట్టాడు. పేజీల కొద్దీ ఫిరంగులు, ట్యాంకులు గీసి చివరికి ఆ ముద్ర వేయడంలోని ఇబ్బందిని కాగితం తిప్పుతూ పోతేనే అనుభవించగలం. పక్క పేజీలో బొమ్మ సైనికులను తపాలాలో తెప్పించుకోమనే ప్రకటన ఉంటే ఆ ఇబ్బంది రెట్టింపవుతుంది.

కాగితపు_పులి:

చదవడానికి పునర్ముద్రణలు ఉన్నాయి కదా? డీసీ వారు సార్జెంట్ రాక్‌నూ ఎనిమీ ఏస్‌నూ చవక పుస్తకాలుగా వేశారు. నలుపు తెలుపులోనైతే క్యూబర్ట్ కుంచెగీత ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది.

ఉప్పుగాలి (విశాఖపట్నం):

గీత విషయంలో పులిగారితో ఏకీభవిస్తాను. అయితే పాత్ర పేరు మీద వేసిన పునర్ముద్రణలో ఆ పాత్ర కథలే ఉంటాయి, గోదావరిగట్టుగారు చెప్పిన వెనుక పేజీల కథలు, పాఠకుల ఉత్తరాలు జారిపోతాయి. రంగులతో వేసినప్పుడు మరో చిక్కు వస్తుంది. గరుకు న్యూస్‌ప్రింట్ పీల్చుకుంటుందన్న లెక్కతో వేసిన రంగులను తెల్లటి నున్నని కాగితం మీద అచ్చు వేస్తే అవి కళ్లలో గుచ్చుకుంటాయి.

కౌబాయ్ కామిక్స్ దగ్గరకు వస్తే ఈ ‘మూల సంచిక’ అన్న మాటే కొంత తమాషాగా మారుతుంది. పాతసంచిగారూ, మీ ‘కిడ్ కోల్ట్’ సంచికలు 1970ల నాటివైతే లోపలి కథలు చాలావరకు అంతకు ముందు అచ్చయినవే అయి ఉంటాయి. మార్వెల్ ఆ దశకంలో ‘కిడ్ కోల్ట్’, ‘రాహైడ్ కిడ్’ పత్రికలను ఎక్కువగా పాత కథలతోనే నడిపింది. పునర్ముద్రణను సీలు చేయించి మూల సంచిక అని గోడకు తగిలించుకోవడం మీ ఇష్టం! డెల్ అనే మరో ప్రచురణ సంస్థ పత్రికల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 1948 నుంచి 1962 వరకు 145 సంచికలు నడిచిన ‘లోన్ రేంజర్’, సినిమా నటుల ఫొటోలను అట్ట మీద వేసిన రాయ్ రోజర్స్, జీన్ ఆట్రీ కామిక్స్ అన్నీ ఇతరుల హక్కులు తీసుకుని వేసినవి. అందువల్ల తిరిగి అచ్చు వేయడం అంత సులువు కాదు. అక్కడ చిరిగిన ప్రతి అయినా సరే, చదవగలిగేది కొనుక్కోవడమే ఉత్తమం.

మరొక్క మాట. సీలు వేస్తే కాగితం చిరకాలం ఉంటుందని భ్రమపడకండి. న్యూస్‌ప్రింట్‌ను తినేది దానిలోనే ఉన్న ఆమ్లం, పెట్టె బయటి చేతులను ఆపుతుందే గాని లోపలి ఆమ్లాన్ని ఆపలేదు. చల్లగా, పొడిగా, చీకటిగా ఉంచడమే అసలు వైద్యం. మా సముద్రపు ఊళ్లో అది ఎంత కష్టమో నాకు తెలుసు. మా నాన్నగారు పుస్తకాల బీరువాలో ఎండిన వేపాకు, కలరా ఉండలు వేసేవారు. పురుగు రాలేదు గాని, ఆ పుస్తకాలు ఈనాటికీ కలరా ఉండల వాసనే కొడతాయి. కామిక్స్‌కు మాత్రం ఆ పని చేయకండి.

గోదావరిగట్టు (డల్లాస్):

ఒక విషయంలో పులిగారికి తలవంచుతాను. డీసీ ముద్రణ విభాగంలో జాక్ ఆడ్లర్ రూపొందించిన బూడిదరంగు వాష్ అట్టలు (పలచని రంగుపూత వేసినట్లు మెత్తని ఛాయలతో కనిపించేవి), ముఖ్యంగా జెర్రీ గ్రాండెనెట్టి చిత్రించిన ‘జి.ఐ. కాంబాట్’ అట్టలు, పునర్ముద్రణలో ఆ మెత్తదనం నిలుపుకోవు. అటువంటి అట్ట నిగనిగలాడుతూ దొరికితే నేనూ సీలు చేయించి గోడకు పెట్టుకుంటాను, చదవడానికి మరో నలిగిన ప్రతి కొంటాను. అట్ట నలిగిన యుద్ధ కామిక్స్‌ను సూపర్‌హీరో సంచికలతో పోలిస్తే చాలావాటిని చవకగానే కొనవచ్చు.

న్యూజెర్సీ_పాతసంచి:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పెట్టె మొత్తం బల్ల మీద పరిచి చూశాను. ‘కిడ్ కోల్ట్’ల విషయంలో ఉప్పుగాలిగారి మాట నిజమేనని తేలింది. ఏడింటిలో అయిదు 1970ల నాటివి. వాష్ అట్ట ఉన్న ‘జి.ఐ. కాంబాట్’ ఒకటి బాగున్నది, దానిని ఒక్కదానినే గ్రేడింగుకు పంపుతాను. 151ని పంపడం లేదు. ఫాన్ హామర్ అడవిలో తోడేలుతో ఒంటరిగా తిరిగే పేజీలు మళ్లీ చూడాలనిపిస్తుంది. ఇక ఆ తుప్పు పట్టిన పిన్నును తీసి కొత్తది వేయవచ్చునా?

కాగితపు_పులి:

వద్దండీ. పిన్ను మారిస్తే, రేపు మీ మనసు మారి గ్రేడింగుకు పంపినప్పుడు ఆ సంగతి లేబుల్ మీదకు ఎక్కుతుంది. నడిమి పేజీ పిన్ను నుంచి ఊడిందో లేదో చూసి, ఊడకపోతే అలాగే వదిలేయండి. వెనుక ఆమ్లరహిత అట్ట పెట్టి మైలార్ కవరులో నిలువుగా నిలబెట్టండి. చదివేటప్పుడు పూర్తిగా వెనక్కు మడవకండి.