ఇంట్లో బండి పనులకి ఏ రాచెట్ (క్లిక్ క్లిక్‌మంటూ బోల్ట్‌లు, నట్లు తిప్పే పానా) తీసుకోవాలి?

ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు, స్పార్క్ ప్లగ్గులు, ఇలాంటి చిన్న పనులు నేనే చేసుకుంటాను. మొన్న బ్రేక్ క్యాలిపర్ బోల్ట్ బిగుసుకుపోయి కదలకపోతే రాచెట్ పిడికి పైపు తొడిగి గట్టిగా లాగాను, లోపల టక్కుమని ఒక చప్పుడు, అంతే, ఇప్పుడు ఎటు తిప్పినా ఊరికే తిరుగుతోంది. తప్పు నాదేలెండి, అలాంటి వాటికి బ్రేకర్ బార్ (లోపల పళ్ళు లేని పొడవాటి గట్టి పిడి) వాడాలట.

ఇప్పుడు కొత్తది కొనాలి. 3/8 అంగుళం డ్రైవ్ (బోల్ట్ తల మీద తొడిగే సాకెట్‌ని తగిలించే చదరపు మొన) ఉన్నది ఒక్కటి సరిపోతుందా, లేక చక్రాల నట్ల కోసం 1/2 కూడా ఉండాల్సిందేనా? ఇంకో డౌటు రాచెట్ లోపలి గేరు పళ్ళ గురించి. నా పాతదానికి 36 పళ్ళు, అంటే ఒక్కో క్లిక్‌కి 10 డిగ్రీలు తిప్పాలి, ఇంజిన్ పక్కన ఇరుకులో చెయ్యి అంత కూడా ఆడదు, వేళ్ళ కణుపులు గీరుకుపోవడమే మిగిలింది. 72 పళ్ళదైతే 5 డిగ్రీలు చాలు, కానీ పళ్ళు సన్నగా ఉంటాయి కదా, తొందరగా అరిగిపోవా? సాకెట్లు మాత్రం ఆరు మూలలవే తీసుకుంటా, పన్నెండు మూలలది ఇప్పటికే ఒక బోల్ట్ తల గుండ్రంగా చేసిపెట్టింది.

ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు చెప్పండి, రాచెట్ తల విప్పి గ్రీజు పెట్టుకునే వీలుండి, లోపలి పార్టులు విడిగా దొరికే రకం ఏదైనా ఉందా?