మానలేదా, మానలేడా?

పాలపిట్ట:
నాన్న పోయి ఆరు నెలలైంది. తాగుడుతో లివర్ పాడైంది. మొన్న మాసికానికి వచ్చిన పెదనాన్న "వాడి తలరాత అంతే, వాడి చేతుల్లో ఏముంది" అన్నారు. ఆ మాట నన్ను వదలడం లేదు. నిజంగా మన నిర్ణయాలు మన చేతుల్లో ఉంటాయా?

లెక్కల_మాస్టారు:
ఉండవమ్మా. 1983లో అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. మీకు తోచినప్పుడు చెయ్యి కదపండి, కదపాలని ఎప్పుడు అనిపించిందో గడియారం చూసి చెప్పండి అన్నారు. కదలికకు సుమారు 550 మిల్లీసెకన్ల ముందే మెదడులో సంకేతం మొదలైంది. కదపాలనిపించింది మాత్రం 200 మిల్లీసెకన్ల ముందు. అంటే మనకు తెలిసే లోపే మెదడు బయల్దేరింది.

కృష్ణాతీరం:
మాస్టారూ, సగమే చెప్పారు. చివరి క్షణంలో ఆ కదలికను ఆపగలమని లిబెటే అన్నారు. పైగా 2012లో ఆరన్ షుర్గర్ బృందం, ఆ సంకేతం నిర్ణయం కాకపోవచ్చు, మెదడులో ఎప్పుడూ ఉండే ఒడిదుడుకులు పేరుకుని హద్దు దాటడమే కావచ్చు అని చూపింది. అయినా చెయ్యి ఇప్పుడు కదిపితే ఏంటి, కాసేపాగి కదిపితే ఏంటి? పెళ్లాం గాజులు తాకట్టు పెట్టడం, చెయ్యి కదపడం ఒకటేనా?

లెక్కల_మాస్టారు:
ఆపడం కూడా మెదడులోంచే కదా రావాలి? దానికి ముందు సంకేతం ఉండదా? ముందు దీనికి జవాబు చెప్పండి.

ఎర్రమట్టి:
బుద్ధిః కర్మానుసారిణి. అంతే.

కృష్ణాతీరం:
ఎర్రమట్టి గారూ, గీత 18వ అధ్యాయం తీయండి. 61వ శ్లోకంలో ఈశ్వరుడు ప్రాణులన్నిటినీ యంత్రం మీద ఎక్కించినట్టు తిప్పుతున్నాడని ఉంది. 63కి వచ్చేసరికి "యథేచ్ఛసి తథా కురు", నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అని అర్జునుడికే వదిలేశాడు.

ఎర్రమట్టి:
మరి 61 ఎక్కడికి పోయింది?

లెక్కల_మాస్టారు:
నా ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు.

కృష్ణాతీరం:
జవాబు కావాలా? మా తమ్ముడు ఆన్‌లైన్ రమ్మీలో నాలుగున్నర లక్షలు పోగొట్టాడు. పొలం మీద తెచ్చిన అప్పు. అడిగితే "నా చేతుల్లో లేదన్నయ్యా" అన్నాడు. ఆ అప్పు నేను కట్టాను. మీలాంటి వాళ్లు సైన్సు పేరుతో వాడి మాటకు బలం ఇస్తున్నారు. మీ జేబులోంచి ఏమీ పోలేదు కాబట్టి ఎన్ని మిల్లీసెకన్లైనా చెబుతారు.

లెక్కల_మాస్టారు:
పోలేదని మీకెవరు చెప్పారు? నేను పదకొండేళ్లు తాగాను. మానేసి తొమ్మిదేళ్లు. మొదటిసారి డీ-అడిక్షన్ సెంటర్ నుంచి వచ్చిన మూడు వారాలకే మళ్లీ మొదలుపెట్టాను. రెండోసారి నిలబడ్డాను. మనిషిని నేనే, పట్టుదలా అదే. మారిందల్లా మందులు, ఇంటికెళ్లే దారి, జీతం రోజు స్కూలు గేటు దగ్గర నిలబడిన నా భార్య. అందరూ నన్ను మెచ్చుకుంటారు. ఆ మెప్పు నేను తీసుకుంటే, పక్క మంచం మీద ఉండి, ఇంటికెళ్లాక మళ్లీ తాగి చనిపోయిన కుర్రాణ్ణి తప్పుపట్టాలి. అది నావల్ల కాదు.

నైట్‌డ్యూటీ:
చర్చ మధ్యలో వస్తున్నాను, ఏమనుకోకండి. ఏళ్ల తరబడి బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టర్ లేకుండా ఇంట్లో బలవంతంగా మాన్పించకండి.

కృష్ణాతీరం:
మాస్టారూ, తెలియక అన్నాను, ఏమనుకోవద్దు. కానీ తమ్ముణ్ణి తప్పుపట్టడం మానేస్తే వాణ్ణి మనిషిగా లెక్కచేయనట్టే అనిపిస్తుంది నాకు. చిన్నపిల్లాణ్ణి వదిలేసినట్టు వదిలేయలేను.

పాలపిట్ట:
నేను తప్పుపట్టడానికి అడగలేదండీ. నా పదో తరగతి పరీక్షల నెలంతా నాన్న ముట్టుకోలేదు. నేను అడిగాను, మానాడు. మానలేదు అంటే కోపం వస్తుంది, అయినా భరిస్తాను. మానలేడు అంటే ఆ నెల నాకోసం చేసింది కూడా నాన్నది కాకుండా పోతుంది. అది నాన్నదే కావాలి నాకు.

లెక్కల_మాస్టారు:
ఆ నెల ఇంట్లో ఎవరెవరు ఉండేవారమ్మా?

పాలపిట్ట:
అమ్మమ్మ వచ్చి ఉంది. రోజూ సాయంత్రం నాన్నను పక్కన కూర్చోబెట్టుకుని టీ ఇచ్చేది. పరీక్షలు అయ్యాక ఊరెళ్లిపోయింది.