పబ్బులో సినిమా పాట వాయిస్తే రాయల్టీ కట్టాల్సింది ఎవరు?

కీబోర్డ్ అన్న:
గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ పబ్బుల్లో పదకొండేళ్లుగా వాయిస్తున్నాను. ఐదుగురం, మనిషికి మూడు వేలు. మొన్నొక చోట ఒప్పంద కాగితంలో కొత్త లైను చేర్చారు: 'పాటల లైసెన్సు బాధ్యత బ్యాండ్‌దే' అని. సంతకం పెట్టలేదు, ఆ శనివారం పోయింది. బీరు అమ్ముకునేది వాళ్లు, కట్టాల్సిందీ వాళ్లే. కాదంటారా?

పల్లవి_చరణం:
అన్నా, జనం వచ్చేది బీరు కోసమేనా? పాట కోసం కాదా? 2017లో ఇళయరాజా గారు సాక్షాత్తూ బాలు గారికే నోటీసు పంపారు, అనుమతి లేకుండా కచేరీల్లో తన పాటలు పాడొద్దని. ఆయనకే లేని మినహాయింపు మనకెందుకు? బాణీ కట్టినాయనకి, రాసినాయనకి వాటా పోవాల్సిందే.

నల్లకోటు:
వాటా పోవాలి, నిజమే. ఎవరి జేబులోంచి అన్నదే గొడవ. లైవ్‌లో పాడితే సాహిత్యానికీ బాణీకీ ఐపీఆర్‌ఎస్ (పాట రాసినవాళ్ల, బాణీ కట్టినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థ) లైసెన్సు కావాలి. మీరు బ్రేక్ తీసుకున్నప్పుడు వాళ్లు స్పీకర్లో వేసే రికార్డుల సంగతి వేరే. కాపీరైట్ చట్టం 51వ సెక్షన్ ప్రకారం లాభం కోసం చోటిచ్చినవాడూ బాధ్యుడే. కాగితంలో ఒక లైను రాసుకున్నంత మాత్రాన పబ్బు తప్పించుకోలేదు. అలాగని వాయించినవాళ్లకి ఏ సంబంధమూ లేదనుకోకండి. విచిత్రమేంటంటే, అవే పాటలు ఆదివారం పెళ్లిలో వాయిస్తే 52వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది.

బెజవాడ_బాబాయ్:
మాది చిన్న బార్. లైవ్ పెట్టిన రోజు నాలుగు టేబుళ్లు ఎక్కువ నిండుతాయి, అంతే. బ్యాండ్‌కీ ఇచ్చి, లైసెన్సూ కట్టమంటే పెన్‌డ్రైవ్ పెట్టుకుంటాం.

నల్లకోటు:
బాబాయ్ గారూ, పెన్‌డ్రైవ్‌కీ లైసెన్సు కావాలండీ :)

కీబోర్డ్ అన్న:
సరే, పల్లవి గారూ, మీ మాటకే వస్తా. పోయిన నెల ఒకాయన టిష్యూ మీద పాట పేరు రాసి, ఐదొందల నోటు చుట్టి నా కీబోర్డ్ మీద పెట్టాడు. అప్పటికే ఆ పాట రెండుసార్లు అయింది. మా సింగర్ గొంతు పట్టేసింది. కీబోర్డ్‌లో ట్రాన్స్‌పోజ్ నొక్కి శ్రుతి రెండు మెట్లు కిందికి దించి మళ్లీ లాగించాం, ఒక్కరూ కనిపెట్టలేదు. ఆ ఒక్క రాత్రి ఆ పాట మూడుసార్లు మోగిందని ఎక్కడైనా రాశారా? పబ్బు ఏడాదికింతని కట్టేస్తే సరిపోతుందా? ఏ పాట ఎన్నిసార్లు వాయించామో తెలియకుండా ఎవరి వాటా ఎవరికి పంచుతారు? పదకొండేళ్లలో ఒక్క మేనేజరు కూడా మా పాటల లిస్టు అడగలేదు. అడిగితే ఐదు నిమిషాల్లో రాసిస్తాను, స్కేళ్లతో సహా.

పల్లవి_చరణం:
ఈ సంగతి నాకు తట్టలేదన్నా. కట్టాల్సింది పబ్బే, ఒప్పుకుంటున్నా. మరి ఆ ఐదొందలు?

కీబోర్డ్ అన్న:
సింగర్‌కిచ్చాం. మిరియాల పాలు తాగింది.